వాయిదా ఒప్పందంలో ఉన్నప్పుడు ఇంటి ఖర్చులు: మూడో వారానికే డబ్బు అయిపోతోంది

నెలాఖరు:
అప్పులిచ్చిన సంస్థలన్నిటితో కలిపి ఒకే ఒప్పందం కుదిరింది. గడువు 60 నెలలు. నెలకి ఒకే వాయిదా మధ్యలో ఉన్న ఏజెన్సీకి వెళ్తుంది, వాళ్లు అందరికీ పంచుతారు. వడ్డీ ఆపేశారు, కార్డులన్నీ క్లోజ్ అయ్యాయి. వాయిదా తప్పడం లేదు గానీ ఇంటి ఖర్చుకి ఉంచుకున్నది మూడో వారానికే ఖాళీ.

లెక్క సులువుగా ఉండేందుకు నెల ఆదాయం 100 అనుకోండి. వాయిదా 22. అద్దె, కరెంటు, నీళ్లు, ఫోను లాంటి నెలవారీ బిల్లులు 45. మిగిలిన 33 తిండికి, ప్రయాణానికి, మందులకి, చిల్లర ఖర్చులకి. ఈ 33ని నెలంతా వచ్చేలా ఎలా విడగొట్టాలి? ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ఎక్కడ సర్దాలి? మరీ ఇబ్బందైతే ఒక నెల వాయిదా ఆపొచ్చా?

చిట్టాపద్దు:
ముందు ఖాతాల సంగతి చూడండి. జీతం పడే ఖాతా, మీరు బాకీ ఉన్న బ్యాంకులోనే ఉందా? ఉంటే మార్చేయండి. బాకీ కింద ఖాతాలో ఉన్న డబ్బు జమ కట్టుకునే హక్కు చాలా బ్యాంకులకి ఉంటుంది. ఒప్పందంలో ఉన్నాం కదా, అలా చెయ్యరులే అని నమ్ముకోవద్దు. బాకీ లేని బ్యాంకులో, ఓవర్‌డ్రాఫ్ట్ (ఉన్నదానికంటే ఎక్కువ తీసుకునే వీలు) లేని ఖాతాలు రెండు పెట్టుకోండి: ఒకటి బిల్లులకి, ఒకటి చేతి ఖర్చుకి. పాత ఖాతాని వెంటనే మూసేయకుండా రెండు నెలలు ఉంచితే, మీరు మర్చిపోయిన ఆటో డెబిట్లు అందులో కనబడతాయి.

జీతం బిల్లుల ఖాతాలో పడాలి. వాయిదా, అద్దె, బిల్లులు అక్కడి నుంచే పోవాలి. వాయిదా తేదీ జీతం తర్వాత రెండు మూడు పనిదినాలకి ఉండేలా ఏజెన్సీని రాతపూర్వకంగా అడగండి. జీతం రోజే పెట్టుకుంటే, సెలవు వచ్చి జీతం ఒక రోజు ఆలస్యమైనా వాయిదా బౌన్స్ అవుతుంది.

చేతి ఖర్చు ఖాతాలోకి నెల మొత్తం ఒకేసారి వేయకండి, వారం వారం వేయండి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు: 33ని 4తో భాగించి వారానికి 8.25 అనుకుంటారు. నాలుగు వారాలంటే 28 రోజులే. ఏడాదికి 52 వారాలు, కాబట్టి 33ని 12తో గుణించి 52తో భాగించాలి. వారానికి 7.6 వస్తుంది. 8.25 చొప్పున వాడితే ఏడాదికి 429 అవుతుంది, మీ దగ్గర ఉన్నది 396. తేడా 33, అంటే సరిగ్గా ఒక నెల ఖర్చు.

వారం డబ్బు సోమవారం ఉదయం పడేలా పెట్టండి. శుక్రవారం పడితే శని, ఆదివారాల్లోనే సగం పోతుంది. బుధవారం రాత్రి ఒకసారి బ్యాలెన్స్ చూసుకోండి. 7.6లో 4.3 మిగిలి ఉంటే సరైన దారిలో ఉన్నట్టు, అంతకంటే తగ్గితే గురువారం నుంచి అత్యవసరం కానివి ఆపాలి. కనిపించిన బ్యాలెన్స్ అంతా మీది కాదని కూడా గుర్తుంచుకోండి. పెట్రోల్ బంకుల్లో, హోటళ్లలో కార్డు గీస్తే అసలు బిల్లు కంటే ఎక్కువ మొత్తాన్ని కొన్ని రోజులు బ్లాక్ చేసి పెట్టే పద్ధతి కొన్ని చోట్ల ఉంటుంది. ఆ రోజుల్లో అది మీకు అందదు. వారానికి సరిపడా మాత్రమే ఉన్న ఖాతాలో ఇది గట్టిగా తగులుతుంది.

ఇంకోటి, పెద్ద ప్యాకెట్ల సరుకులు. కిలో ధర తక్కువేగానీ రెండు వారాల డబ్బు ఒకే రోజు లాగేస్తాయి. నెల సరుకులు ఒకేసారి కొనే అలవాటుంటే ఆ మొత్తాన్ని బిల్లుల ఖాతాలో అద్దె పక్కన ఒక బిల్లుగా రాసుకుని, వారం డబ్బులోంచి తగ్గించండి.

పన్నెండో_వంతు:
పైన చెప్పినది సరైనదే, కాకపోతే 7.6 కూడా ఎక్కువే అవుతుంది. ఏడాది ఖర్చులు ఇంకా తియ్యలేదు కదా.

గత 12 నెలల స్టేట్‌మెంట్ తీసి, ప్రతి నెలా రాని ప్రతి చెల్లింపునీ గుర్తు పెట్టండి. బీమా ప్రీమియం, పిల్లల ఫీజులు, బండి రిపేర్లు, పన్ను, పండగ ఖర్చు, చెప్పులు, కళ్లద్దాలు, ఏడాదికోసారి రెన్యూ అయ్యే సబ్‌స్క్రిప్షన్లు. ఇవి మొత్తం 36 అయ్యాయనుకోండి, నెలకి 3 పక్కన పెట్టాలి. 33 కాస్తా 30 అవుతుంది, వారానికి 6.9. మూడో వారంలో అయిపోవడానికి అసలు కారణం చాలాసార్లు దుబారా కాదు, ఇలాంటి ఖర్చు ఏదో ఒకటి ప్రతి నెలా వచ్చి మీద పడుతూ ఉండటం.

మొదటి ఏడాది 12తో భాగిస్తే సరిపోదు. 12 బీమా ప్రీమియం ఇంకో నాలుగు నెలల్లో కట్టాల్సి ఉంటే, నెలకి 1 చొప్పున దాచితే అప్పటికి 4 ఉంటుంది. ఈసారికి నెలకి 3 దాచాలి, కట్టాక 1కి దిగొచ్చు. ఈ డబ్బుకి వేరే పొదుపు ఖాతా పెట్టి, ఏది దేనికో ఒక కాగితం మీద రాసుకోండి. రాయకపోతే అది ‘మిగులు’లా కనబడి ఖర్చైపోతుంది.

క్లోజ్ అయిన కార్డు మీద ఉన్న సబ్‌స్క్రిప్షన్లు వాటంతటవే రద్దైపోవు. డబ్బు అందకపోతే కొందరు దాన్ని బాకీగా రాసుకుని వసూలుకి పంపుతారు. ఒక్కొక్కటీ విడిగా రద్దు చేసి, రద్దైనట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి.

గడువు_ముందే:
ఆపొచ్చా అన్నదానికి: చెప్పకుండా ఆపకూడదు. వడ్డీ ఆపడం, పెనాల్టీలు మాఫీ చెయ్యడం వాయిదా సక్రమంగా వస్తున్నంతకాలమే. తప్పితే ఒక్కో సంస్థ ఒప్పందంలోంచి బయటికొచ్చి పాత వడ్డీకి మళ్లీ వెళ్లొచ్చు. కోర్టు ద్వారా కుదిరిన ఏర్పాటైతే మొత్తం రద్దయ్యే ప్రమాదమూ ఉంది. గడువు రాకముందే ఏజెన్సీకి రాయండి. ఎంత కట్టగలరో, ఎన్ని నెలలు ఇబ్బందో, కారణానికి రుజువు ఏమిటో ఆ ఉత్తరంలో ఉండాలి. గడువు దాటాక రాసిన ఉత్తరాన్ని ఎగవేతకి సంజాయిషీలాగే చూస్తారు.

నాకు పెద్ద విషయంగా అనిపించేది వేరే ఉంది. ఒప్పందం కుదిరేటప్పుడు ఆదాయం, ఖర్చుల పట్టిక ఇచ్చి ఉంటారు. భయంతోనో, వాయిదా ఎక్కువ చూపిస్తే ఒప్పుకుంటారనో అందులో ఇంటి ఖర్చు తగ్గించి రాసేవాళ్లు చాలామంది. మూడు నెలలు వారం వారం లెక్క రాశాక, జాగ్రత్తగా ఉన్నా 6.9 సరిపోవడం లేదని తేలితే ఆ పట్టికే తప్పు. దాన్ని సవరించమని అడగండి, స్టేట్‌మెంట్లు జత చెయ్యండి. వాయిదా 22 నుంచి 19కి దిగితే మొత్తం 1320 తీరడానికి 60 బదులు 70 నెలలు పడుతుంది. నా ఉద్దేశంలో అది నష్టం కాదు, 60 నెలల ప్లాన్ 14వ నెలలో కూలిపోవడం నష్టం. కోర్టు ఏర్పాట్లలో ఇలా మార్చాలంటే అప్పులవాళ్ల సమ్మతి కావాల్సి రావచ్చు, అందుకే వీలైనంత త్వరగా మొదలుపెట్టండి.

ఈలోగా లోటు పూడ్చడానికి ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ ఆఫర్లు, జీతం అడ్వాన్స్ యాప్‌లు వద్దు. అవి కొత్త అప్పులే. చాలా ఒప్పందాల్లో అనుమతి లేకుండా కొత్త అప్పు చేస్తే షరతు తప్పినట్టే. బంధువుల దగ్గర చేబదులు తీసుకున్నా దాన్ని తిరిగి కట్టాల్సింది ఈ 30లోంచే. ఒక అప్పులవాడు ఫోన్ చేసి ఒత్తిడి చేశాడని అతనికి విడిగా కట్టడమూ ప్రమాదమే, మిగతావాళ్లు అభ్యంతరం చెబుతారు. అలాంటి ఫోన్లు ఏజెన్సీకి పంపించండి.

నెలాఖరు:
చాలా స్పష్టంగా చెప్పారండీ. ఇంట్లో రెండో ఆదాయం నెలనెలా మారుతూ ఉంటుంది. దాన్ని ఎలా లెక్కేయాలి? బోనస్ వస్తే ప్లాన్‌లోకి కట్టేయాలా?

పన్నెండో_వంతు:
గత 12 నెలల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల చూడండి, బడ్జెట్‌లో అంతే రాయండి. పైన వచ్చింది వేరే ఖాతాలో ఆపి, తగ్గిన నెలలో అక్కడి నుంచి తెచ్చుకోండి. సగటు వేసుకుంటే వరసగా రెండు పేలవమైన నెలలు వస్తే ఇరుక్కుంటారు.

గడువు_ముందే:
బోనస్ విషయంలో ముందు ఒప్పంద పత్రం చదవండి. కొన్నిటిలో జీతం పెరిగినా, ఏకమొత్తం చేతికొచ్చినా తెలియజేసి, కొంత వాటా కట్టాల్సిందే. అలాంటి షరతు లేకపోతే ముందు ఒక వాయిదాకి సరిపడా 22 బిల్లుల ఖాతాలో ఉంచండి. ఆ తర్వాత ఏడాది ఖర్చుల ఖాతాలో లోటు పూడ్చండి. ఇంకా మిగిలితే అప్పుడు ప్లాన్‌లోకి కట్టండి. కట్టేముందు అది అసలులోంచి తగ్గుతుందా, లేక రాబోయే నెల వాయిదా కింద జమ అవుతుందా అని రాతలో అడగండి. రెండోదైతే, ఆ నెల కట్టాల్సింది లేదని మీరు ఆటో డెబిట్ ఆపేస్తే సిస్టమ్‌లో తప్పిన వాయిదాగా పడే వీలుంది.