కోనసీమలో రైఫిల్ షూటింగ్ క్రీడా సంఘానికి కార్యవర్గం: దాతకు పదవి ఇవ్వాలా, ఎన్నిక పెట్టాలా?

ప్రశ్న (అమలాపురం, తాత్కాలిక కమిటీ సభ్యుడు)

పెద్దలందరికీ నమస్కారం. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా విడిపోయి, అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరు జిల్లా అయింది. అప్పటి నుంచి మా పిల్లలను పోటీలకు ఏ జిల్లా తరపున నమోదు చేయించాలన్న సందేహం ఏటా వస్తూనే ఉంది. అందుకని మా జిల్లాకు ఒక షూటింగ్ సంఘాన్ని సొసైటీగా రిజిస్టరు చేయించి, రాష్ట్ర సంఘం గుర్తింపు కోసం దరఖాస్తు చేయాలని తీర్మానించుకున్నాము.

మాకు ఉన్నది పెద్ద వసతి కాదు. మూతపడిన ఒక రైసుమిల్లు గోదాములో ఆరు లేన్లతో పది మీటర్ల రేంజి (గురి సాధన చేసే చోటు) నడుపుతున్నాము. బస్తాల లెక్కకు ఒకప్పుడు గుమాస్తాలు గీసిన బొగ్గు గీతలు ఆ గోడల మీద ఇప్పటికీ చెరిగిపోలేదు. రోజూ సాయంత్రం ఇరవై మందికి పైగా పిల్లలు అక్కడ సాధన చేస్తున్నారు. ఆ గోదాముకు కొత్త రేకులు వేయించి, విద్యుత్ పని చేయించినవారు రొయ్యల చెరువుల రైతు ఒకరు. ఆయన తనకు పదవి కావాలని ఎన్నడూ అడగలేదు. కానీ ఆయననే అధ్యక్షుణ్ణి చేయడం మర్యాద అని ఆయన తరపువారు గట్టిగా అంటున్నారు.

పదకొండు మందితో కార్యవర్గం ఉండాలనుకున్నాము. ఓట్ల దాకా వెళితే మనస్పర్థలు మిగులుతాయి కాబట్టి కూర్చుని ఏకగ్రీవం చేసుకోవడమే మేలని ఊరి పెద్దల సలహా. వయసులో చిన్నవారైన షూటర్లు మాత్రం ఎన్నిక జరగాల్సిందేనంటున్నారు. కార్యదర్శి బాధ్యత తానే తీసుకుంటానని మా కోచ్ గారు ముందుకు వచ్చారు. ఆయన లేకపోతే ఈ రేంజి లేదన్న మాట కూడా నిజమే. ఇలాంటి సంఘాలు నడిపిన అనుభవం ఉన్నవారు ఈ మూడు విషయాలలో మాకు దారి చూపాలని కోరుతున్నాను.

జవాబు (భీమవరం, విశ్రాంత ఆడిటరు)

మీరు మూడు విషయాల గురించి అడిగారు గాని, మీ ప్రశ్నలో నాకు ముందుగా కనిపించిన లోటు ఓటరు జాబితా. మీ సంఘంలో ఈ రోజున సభ్యులు ఎవరో మీరు చెప్పలేదు. నేను చాలా ఏళ్లు సహకార సంఘాల లెక్కలు, క్లబ్బుల లెక్కలు తనిఖీ చేశాను. కార్యవర్గం మీద వచ్చిన తగాదాలలో ఎక్కువ భాగం ఎవరు గెలిచారన్న దగ్గర కాక, ఎవరికి ఓటు ఉన్నదన్న దగ్గర మొదలవడమే చూశాను. ఒక క్లబ్బులో ఎన్నికకు వారం ముందు ఒకే తేదీన వరుస నంబర్లతో నలభై సభ్యత్వ రశీదులు తెగాయి. నలభైలోనూ చేతివ్రాత ఒక్కటే. ఓడిన వర్గం జిల్లా కోర్టుకు వెళ్లింది, తీర్పు వచ్చేలోగా రెండు సీజన్లు గడిచిపోయాయి, ఆ రెండేళ్లూ ఎంట్రీ ఫారాల మీద ఎవరు సంతకం చేయాలో తెలియక పిల్లలు ఇంట్లో కూర్చున్నారు. ఆ రశీదు పుస్తకం నా చేతుల్లోకి వచ్చిన రోజు కలిగిన బాధ నాకింకా గుర్తున్నది.

కాబట్టి ముందు నిబంధనావళి వ్రాసుకోండి. ఎన్నికకు ఎన్ని రోజుల ముందు వరకు రుసుము చెల్లించినవారికి ఓటు ఉంటుందో, 18 ఏళ్లు నిండని షూటర్ల తరపున తల్లిదండ్రులలో ఒకరికి సభ్యత్వం ఇస్తారో లేదో, కోరం (సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన కనీస సంఖ్య) ఎంతో అందులోనే తేల్చండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం రిజిస్ట్రేషనుకు కనీసం ఏడుగురు చాలు గాని, ఏడుగురు స్నేహితులు సంతకాలు చేసిన సంఘానికీ, జిల్లాలోని షూటర్లందరూ తమదనుకునే సంఘానికీ చాలా తేడా ఉన్నది. అదే చట్టం 23వ సెక్షను కింద కార్యవర్గ వివాదాన్ని ఏ సభ్యుడైనా జిల్లా కోర్టుకు తీసుకువెళ్లవచ్చు. అక్కడ న్యాయమూర్తి ముందుగా అడిగేవి మీ నోటీసు, మీ సభ్యత్వ రిజిస్టరు, సమావేశాల తీర్మానాలు వ్రాసే మీ మినిట్సు పుస్తకం.

ఏకగ్రీవం విషయానికి వస్తే, అందులో దోషమేమీ లేదు. నామినేషన్లు పిలవకుండానే నలుగురు ఒక ఇంటి అరుగు మీద కూర్చుని పేర్లు వ్రాసేసి దానికి ఏకగ్రీవమని పేరు పెట్టడం మాత్రం తప్పు. నోటీసు ఇవ్వండి, నామినేషన్లు తీసుకోండి, ఉపసంహరణకు ఒక తేదీ పెట్టండి. ఆ తేదీ దాటాక ఒక్కో పదవికి ఒక్కొక్కరే మిగిలితే అది నిజమైన ఏకగ్రీవం అవుతుంది, పెద్దల కోరికా నెరవేరుతుంది. ఎన్నికల అధికారిగా తన ఇంట్లో షూటరు లేని ఒక న్యాయవాదినో, విశ్రాంత తహసీల్దారునో పెట్టుకోండి.

పదవీకాలానికి జాతీయ క్రీడా సమాఖ్యల నిబంధనలను నమూనాగా తీసుకోవచ్చు. 2011 నాటి జాతీయ క్రీడాభివృద్ధి నియమావళిలో అధ్యక్షుడికి మొత్తం 12 ఏళ్లు, కార్యదర్శికి, కోశాధికారికి వరుసగా రెండు నాలుగేళ్ల పదవీకాలాలు, ఆ తరువాత నాలుగేళ్ల విరామం, 70 ఏళ్ల వయోపరిమితి చెప్పారు. 2025 నాటి జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సంస్థల కార్యవర్గాన్ని 15 మందికి పరిమితం చేసి, అందులో కనీసం ఇద్దరు ప్రతిభావంతులైన క్రీడాకారులు, నలుగురు స్త్రీలు ఉండాలన్నది. మీ పదకొండు మందిలో ఇద్దరు షూటర్లు, ముగ్గురు స్త్రీలు తప్పనిసరి అని వ్రాసుకుంటే ఎవరూ కాదనలేరు.

దాత గారిని ఓటు హక్కు లేని గౌరవ పోషకులుగా ఆహ్వానించండి. రేకుల ఖరీదుకు రశీదు ఇచ్చి, కృతజ్ఞతా తీర్మానం మినిట్సులో ఎక్కించండి. ఇచ్చిన డబ్బుకు పదవిని ముడిపెడితే, రేపు అంతకన్నా ఎక్కువ ఇచ్చేవారు వచ్చినప్పుడు మీ దగ్గర చెప్పడానికి జవాబు ఉండదు.

జవాబు (పాలకొల్లు, ఒక షూటరు తల్లి)

మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటరు. ఆ టార్గెటులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అరవై గుండ్లు ఆ చుక్క కోసమే కాల్చి, దశాంశాల తేడాతో స్థానం పోగొట్టుకున్న పిల్లకు జట్టు ఎంపిక కూడా అంతే కచ్చితంగా జరగాలని అడిగే హక్కు ఉన్నది. మేము ఒకసారి వెళ్లిన ఎంపిక పోటీకి సంబంధించి, తండ్రులు కమిటీలో ఉన్న పిల్లలకు పది రోజుల ముందే తేదీ తెలిసింది. మాకు ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను వచ్చింది. స్కోరు షీటు చూపమని అడిగితే, తరువాత పంపుతామన్నారు. అది ఇప్పటికీ రాలేదు. ఆ రాత్రి హడావుడిగా కిట్టు సర్దుతూ మా అమ్మాయి అడిగిన ఒక్క మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను: "అమ్మా, వాళ్లకు ముందే ఎలా తెలిసింది?"

అందువల్ల నేను కోరేది ఒకటే. ఏ సభ్యుని బిడ్డ, తోబుట్టువు లేదా శిష్యుడు ఎంపికలో ఉన్నా, ఆ విషయం చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యుడు గది బయటకు వెళ్లాలని, ఎంపిక జరిగిన రోజు సాయంత్రమే అందరి స్కోర్లూ రేంజి గోడ మీద అంటించాలని నిబంధనావళిలో ఉండాలి. ఈ లెక్కన మీ కోచ్ గారు కార్యదర్శి కావడం ఆయనకే ఇబ్బంది. ఎవరి దగ్గర రుసుము తీసుకుని నేర్పుతున్నారో వారినే జట్టుకు ఎంపిక చేసే కమిటీని నడపవలసి వస్తుంది. ఎంత నిజాయితీగా ఉన్నా, బయట నేర్చుకున్న పిల్లల తల్లిదండ్రులు నమ్మరు. ఆయనను సాంకేతిక సలహాదారుగా ప్రతి సమావేశానికీ పిలవండి.

ఆడిటరు గారు ముగ్గురు స్త్రీలు ఉండాలన్నారు. చాలా సంతోషం. కానీ రాత్రి ఎనిమిదింటికి సమావేశం పెట్టి, మరునాడు సంతకం కోసం మినిట్సు పుస్తకాన్ని ఇంటికి పంపే సభ్యత్వం మాకు అక్కరలేదు. ఆదివారం ఉదయం పిల్లలు సాధన చేసే వేళకే సమావేశం పెడితే మేము ఎలాగూ అక్కడే ఉంటాము.

జవాబు (రాజమహేంద్రవరం, విశ్రాంత సైనికుడు, రేంజి ఆఫీసరు)

చెల్లెమ్మ గారు చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను. ఆడిటరు గారితో మాత్రం ఒక్క విషయంలో విభేదించక తప్పడం లేదు. దాత అన్న కారణంతో ఒక మనిషికి పోటీ చేసే హక్కే లేకుండా చేయడం న్యాయం కాదు. ఆయన సభ్యత్వం తీసుకుని, అందరితో పాటు నామినేషను వేసి, సభ్యుల ఓటుతో వస్తే అభ్యంతరం ఎందుకు? నా అనుభవంలో వానాకాలంలో గోదాము కారుతుంటే రాత్రిపూట టార్పాలిను పట్టుకుని వచ్చినవారు ఇలాంటివారే. డబ్బు ఇచ్చినందుకు పదవి అక్కరలేదు, ఇచ్చినందుకు అనర్హతా అక్కరలేదు.

ఇక ఎవరూ ప్రస్తావించని సంగతి తాళం చెవులు. మీరు 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిళ్ల దగ్గర ఉన్నంత కాలం బాధ్యత ఒక రకంగా ఉంటుంది. రేపు తూటాలు పేల్చే .22 రైఫిళ్లు తెచ్చుకున్న రోజున 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నియమావళి, కలెక్టరు కార్యాలయపు లైసెన్సు అన్నీ వస్తాయి. అప్పుడు కార్యవర్గంలో ఒకరు ప్రతి తూటాకూ జవాబు చెప్పవలసి ఉంటుంది. మా రేంజిలో రోజు ముగిశాక ఖాళీ తూటా గుల్లలను ఒక స్టీలు పళ్లెంలో పోసి ఇద్దరం లెక్కపెడతాము. ఇచ్చినవి, కాల్చినవి, మిగిలినవి మూడు అంకెలూ కలిస్తేనే రిజిస్టరులో ఇద్దరి సంతకాలు పడతాయి. ఒక్కటి తగ్గినా ఎవరూ ఇంటికి వెళ్లరు, చాపలెత్తి వెతుకుతాము. ఇంత ఓపిక ఉన్న మనిషి మీ పదకొండు మందిలో ఎవరో ముందు చూసుకోండి. అతనికి మంచి ఉపన్యాసం ఇవ్వడం రాకపోయినా ఫరవాలేదు.

సాంకేతిక జ్ఞానం లేని కమిటీ ఏమి చేస్తుందో కూడా చూశాను. ఒక చోట చవకగా వస్తున్నాయని ఎవరో చెబితే నాలుగు పాత ఎయిర్ రైఫిళ్లు కొన్నారు. రంగు మెరుస్తున్నది, చెక్క బాగున్నది. నేను సిలిండరు తిప్పి దాని మీద చెక్కిన తేదీ చూస్తే, నాలుగింటిలో మూడింటికి పదేళ్ల గడువు దాటిపోయి ఉన్నది. రెండు వందల బార్ల ఒత్తిడితో గాలి నిండే సిలిండరు అది, పిల్లవాడి చెంపకు జానెడు దూరంలో ఉంటుంది. కొనుగోలు తీర్మానం మీద సంతకం చేసిన వారిలో ఒక్కరికీ అక్కడ తేదీ ఉంటుందని తెలియదు. కొనుగోళ్ల కమిటీలో కనీసం ఒక షూటరు ఉండి తీరాలని నేను పట్టుబట్టేది అందుకే. మన డెల్టా ఉప్పుగాలికి, తుఫాను చెమ్మకు బ్యారెళ్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో, వరద హెచ్చరిక వచ్చినప్పుడు ఆయుధాలను ఎవరి పర్యవేక్షణలో ఎక్కడికి తరలించాలో కూడా ఆ కమిటీయే ముందుగా వ్రాసి పెట్టుకోవాలి.

ప్రశ్న వేసినవారి స్పందన (అమలాపురం)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కోచ్ గారికి పాలకొల్లు అమ్మ గారు వ్రాసినది చూపించాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, తాను కార్యదర్శి పదవికి నామినేషను వేయనని చెప్పారు. సర్వసభ్య సమావేశాన్ని దాళ్వా కోతలు ముగిసిన తరువాతి ఆదివారం ఉదయానికి పెట్టాము. ఓటరు జాబితా చిత్తుప్రతిని గోదాము తలుపుకు అంటించాము.

అయితే మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. దాత గారి పేరున విరాళపు రశీదు ఉన్నది గాని, సభ్యత్వ రుసుము రశీదు లేదు. మేము పెట్టుకున్న గడువు నాలుగు రోజుల క్రితమే ముగిసింది. ఆయన ఒక్కరి నుంచి ఇప్పుడు రుసుము తీసుకుని పేరు చేర్చవచ్చా?

జవాబు (భీమవరం, విశ్రాంత ఆడిటరు)

ఒక్కరి కోసం చేర్చకండి. నామినేషన్లు ఇంకా మొదలు కాలేదు కాబట్టి, తాత్కాలిక కమిటీ సమావేశంలో తీర్మానం చేసి గడువును అందరికీ పదిహేను రోజులు పొడిగించి, ఆ నోటీసును జాబితా పక్కనే అంటించండి, సభ్యులందరికీ ఫోనులోనూ పంపండి. ఆ పదిహేను రోజుల్లో ఆయనా కట్టవచ్చు, ఇంతవరకు సంగతి తెలియని రాజోలు, ముమ్మిడివరం వైపు షూటర్లూ కట్టవచ్చు. ప్రతి రశీదు మీద కట్టినవారి సంతకం తీసుకోండి. రాజమహేంద్రవరం వారు దాత విషయంలో చెప్పినది సబబుగానే ఉన్నది; ఓటుతో వస్తే నాకూ అభ్యంతరం లేదు.