లాడ్జిలో వేణ్ణీళ్ళకు, గదుల వెచ్చదనానికి కట్టె పెల్లెట్లు పనికివస్తాయా?

ప్రశ్న (లాడ్జి యజమాని, సెమిలిగుడ)

కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో మాకు పన్నెండు గదుల లాడ్జి ఉంది. చలికాలంలో దేవ్‌మాలి కొండ చూడడానికి విశాఖపట్నం, విజయనగరం వైపు నుంచి వచ్చేవారే మాకు ఎక్కువ. తెల్లవారుజామున అందరూ ఒకేసారి గీజర్లు వేస్తే కరెంటు తట్టుకోవడం లేదు, గ్యాసుతో కాచడం భారమవుతోంది. ఆస్ట్రియా, స్వీడన్ దేశాలలో ఇళ్ళకూ హోటళ్ళకూ కట్టె పెల్లెట్ల (రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికల) బాయిలర్లు వాడతారని చదివాను. ఇక్కడ అటువంటిది పెట్టడం వివేకమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (రైసుమిల్లు బాయిలర్ మెకానిక్, జయపురం)

అయ్యా, ముందు మీకు ఎంత వేడి కావాలో చూద్దాం. గదికి ఇద్దరు, మనిషికి ఇరవై లీటర్లు అనుకుంటే సుమారు 500 లీటర్లు. 15 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తేవడానికి 12,500 కిలోక్యాలరీలు చాలు. కరెంటులో ఇది దాదాపు 15 యూనిట్లు మాత్రమే. అయితే రెండు కిలోవాట్ల గీజర్లు పన్నెండూ కలిసి 24 కిలోవాట్లు లాగుతాయి కనుక, మీ ఇబ్బంది అంతా అందరూ ఆరు గంటలకే స్నానానికి లేవడం వల్ల వస్తున్నది. వేడి పోకుండా దూది చుట్టిన పెద్ద తొట్టె ఒకటి ఉంటే ఏ ఇంధనంతోనైనా ముందుగానే కాచి ఉంచుకోవచ్చు.

గాలికి బాగా ఆరిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలోక్యాలరీలు ఇస్తుంది. మూడు రాళ్ళ పొయ్యి మీద గుండిగ పెట్టి కాస్తే అందులో ఆరో వంతో ఏడో వంతో నీటికి చేరుతుంది, అందువల్ల రోజుకు ఇరవై కిలోల పైమాటే. గాలి తలుపూ పొగగొట్టమూ ఉన్న మూసిన బాయిలర్‌లో అదే పని ఆరేడు కిలోలతో అవుతుంది. తొట్టెలో, గొట్టాలలో పోయే వేడికి మరి కాస్త కలుపుకోండి.

ఇక పెల్లెట్లు. యూరప్‌లో ఇళ్ళకు అమ్మే మేలురకానికి ఈఎన్‌ప్లస్ ఏ1 అనే ప్రమాణం ఉంది: తేమ 10 శాతం, బూడిద 0.7 శాతం మించరాదు, మందం 6 లేదా 8 మిల్లీమీటర్లు. ఇంధనం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండబట్టే అక్కడి బాయిలర్ స్క్రూతో తనంతట తానే తీసుకుని మండుతుంది. మన దగ్గర పెల్లెట్ అన్న పేరుతో రంపపు పొట్టు రావచ్చు, వేరుసెనగ పొట్టు రావచ్చు, ఊక కలిసిందీ రావచ్చు. ఊకలో ఐదో వంతు దాకా బూడిదే. గడ్డితో చేసినదైతే దాని బూడిద కరిగి గడ్డకట్టి చిన్న బర్నర్‌ను మూసేస్తుంది. పైగా థర్మల్ కేంద్రాలు బొగ్గులో 5 శాతం పెల్లెట్లు కలపాలని 2021లో కేంద్రం విధానం తెచ్చింది. లారీల లెక్కన కొనేవారు ఉండగా మీ పది బస్తాల కోసం ఎవరు శ్రద్ధ తీసుకుంటారు? నా మాట అడిగితే, మామూలు కట్టెలు వేసే మూసిన బాయిలరే మీకు తగినది.

జవాబు (కట్టెల అడితి, రాయగడ)

పై లెక్క ఆరిన కట్టెకే వర్తిస్తుంది. అప్పుడే నరికిన నీలగిరి బరువులో దాదాపు సగం నీరే. దాని నుంచి కిలోకు 2,000 కిలోక్యాలరీలు రావడమే గగనం. ఫిబ్రవరిలో కొని, చీల్చి, గాలి ఆడేలా పేర్చి, ఎండలు ముగిసే లోపు రేకుల కిందికి చేర్చుకోండి. నవంబరులో అడితికి పరుగెత్తితే మా వంటి వాళ్ళం వానలో నానిన సరుకే ఇస్తాం! ఆరిన కట్టెైతే రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి, కొసలు పగిలి ఉండాలి. పచ్చిదైతే నిప్పులో పెట్టగానే కోసిన చివర నురుగు కక్కుతుంది. తడి కట్టె పొగ గొట్టం లోపల తారులా పేరుకుని ఒకనాడు అంటుకుంటుంది.

నీలగిరి, సుబాబుల్ దుంగలను ఇక్కడ జేకేపూర్ కాగితం మిల్లు కొంటుంది. మీకు కొమ్మలూ, సామిల్లు చెక్కపేళ్ళూ చాలు. పలాస జీడిపిక్కల తొక్కు మంట బాగానే ఇస్తుంది కానీ, అందులోని నూనె పొగ ఘాటుకు అతిథులు నిలవరు.

ప్రశ్నించినవారు

కృతజ్ఞతలు. పెల్లెట్ల ఆలోచన మానుకున్నాను. గదుల సంగతి మిగిలింది: కుంపటిలో బొగ్గులు వేసి లోపల పెట్టమని కొందరు అతిథులు అడుగుతున్నారు.

జవాబు (పర్లాకిమిడి)

ఎంత బతిమాలినా పెట్టకండి. పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది; దానికి రంగూ వాసనా లేవు, హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు బిగించుకుని నిద్రపోయినవారికి మెలకువ రాదు. కింది హాలులో పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి ఒకటి పెట్టి, గదులకు అదనంగా రగ్గులు ఇవ్వండి.

జవాబు (రైసుమిల్లు బాయిలర్ మెకానిక్, జయపురం)

ఒక్కటి చేర్చాలి. నీళ్ళ బాయిలర్ పైన గాలికి తెరిచిన గొట్టం తప్పక ఉంచండి. నీళ్ళు పొంగుతున్నాయని ప్లంబర్ దానికి వాల్వు బిగిస్తానంటే ఒప్పుకోకండి. మూసుకున్న తొట్టెలో ఆవిరి పేరుకుంటే పేలుతుంది.