ఎర్ట్స్‌బర్గ్‌ని కనిపెట్టింది ఎవరు? మా కాలేజీ చార్టు మీద వచ్చిన వాదన

ఒంగోలు జియాలజీ (ఫైనలియర్)

అందరికీ నమస్కారం. కాలేజీ ఎగ్జిబిషన్‌కి స్కార్న్ ఖనిజాల చార్టు నేను రాస్తున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లోపలి నుంచి పైకి తోసుకొచ్చిన శిలాద్రవం సున్నపురాయిని తాకితే, దాంతో వచ్చే వేడి ద్రవాలు ఆ రాయిని తినేసి, ఆ చోట గార్నెట్, పైరాక్సీన్ అనే ఖనిజాలను పేరుస్తాయి. అలా తయారైన రాయే స్కార్న్. రాగి, ఇనుము, టంగ్‌స్టన్ లాంటివి కూడా అక్కడ పేరుకోవచ్చు. స్కార్న్ అనేది స్వీడన్ గని కార్మికుల మాట. ఖనిజం చుట్టూ ఉండే పనికిరాని రాయిని వాళ్లు అలా పిలిచేవారు.

మా ల్యాబ్‌లో ఒక ముక్క ఉంది. ఒక పక్క బెల్లం రంగు గార్నెట్, ఇంకో పక్క పాచి రంగు పైరాక్సీన్, మధ్యలో ఇత్తడి పొడి చల్లినట్టు చాల్కోపైరైట్ అనే రాగి ఖనిజం. దారానికి కట్టిన అయస్కాంతం దగ్గర పెడితే నల్లగా ఉన్న మూలకేసి లాగుతుంది. యాసిడ్ చుక్క వేస్తే ఒక్క అంచులోనే బుసబుసమంటుంది. సున్నపురాయి మిగిలింది అంతే.

ఉదాహరణకి ఇండోనేషియాలో పపువా అనే చోట ఉన్న ఎర్ట్స్‌బర్గ్ రాగి కొండని తీసుకుని "1936లో డోజీ కనుగొన్నాడు" అని రాశాను. సీనియర్ ఒకాయన అది కొట్టేసి "1960, ఫోర్బ్స్ విల్సన్" అని పెట్టారు. ఏది సరైంది?

రిగ్గు మనిషి, పొదలకూరు

మీ సీనియర్‌దే రైటు తల్లీ. డోజీ ఆయిల్ కంపెనీ జియాలజిస్టు. కార్‌స్టెంజ్ శిఖరం ఎక్కడానికి కోలైన్, విసెల్‌తో కలిసి పోయాడు. దారిలో పచ్చికబయలు మధ్య నల్లటి గుట్ట కనబడింది. డచ్చి భాషలో ఎర్ట్స్‌బర్గ్ అని, అంటే ఖనిజపు కొండ అని పేరు పెట్టాడు. 1939లో రిపోర్టు అచ్చయింది, యుద్ధం వచ్చింది, దాన్ని అందరూ మరిచిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ రిపోర్టు ఒకరి కంటబడితే, 1960లో ఫ్రీపోర్ట్ అనే గని కంపెనీ మనిషి విల్సన్ అడవులు దాటుకుని నడిచి పోయి శాంపిళ్లు తెచ్చాడు. 1967లో ఇండోనేషియాతో ఒప్పందం, తర్వాత హెలికాప్టర్లతో రిగ్గులు మోసి డ్రిల్లింగ్, 1972 చివర్లో రాగి సరుకుతో మొదటి ఓడ.

నేను ఇరవై రెండేళ్లు కోర్ తీశాను, అంటే డ్రిల్లుతో లోపలి రాయిని కడ్డీలా బయటికి తీసే పని. పైన కనిపించే నలుపు కింద ఎంత లోతుందో కంటితో చెప్పలేం. గ్రాస్‌బర్గ్ సంగతి చూడు. ఎర్ట్స్‌బర్గ్‌కి కూతవేటు దూరం. ఆ గడ్డి కొండని కూడా డోజీ చూశాడు, పేరు కూడా ఆయనే పెట్టాడు. అందులో అంత రాగి, బంగారం ఉన్నాయని 1988లో డ్రిల్ పడ్డాకే తేలింది. మరి దాన్ని కూడా డోజీయే కనిపెట్టాడు అంటామా?

గూడూరు మైకా

గ్రాస్‌బర్గ్ వరకు మీ మాట ఒప్పుకుంటాను అన్నా. అక్కడ గడ్డి తప్ప పైకి ఏమీ లేదు. ఎర్ట్స్‌బర్గ్ అలా కాదు. అది పచ్చికలో నల్లగా నిలబడి ఉన్న రాయి, చూసినవాడెవడైనా ఆగుతాడు. అయితే దాన్ని డోజీకి ముందు చూసినవాళ్లు లేరా? ఆ కొండల్లో అముంగ్మే జనం తరతరాలుగా ఉన్నారు. ఆ పర్వతం వాళ్లకి తల్లి తల. మీ ఇద్దరి లెక్కలోనూ వాళ్లు లేరు.

నాకు ఇది పుస్తకంలో సంగతి కాదు. మా నాయన సైదాపురం వైపు మైకా గనిలో పని చేశాడు. ఒకరోజు పక్క గట్టు మీద పలుగురాయి వరస చూసి, గోరుతో పొర లేపి చూసి, "ఇక్కడ తవ్వండయ్యా" అన్నాడు. తవ్వితే అరచేయంత పలకలు వచ్చాయి. ఆ గుంతకి ఇంకొకరి పేరు పెట్టారు. మా నాయనకి ఆ రోజు కూలి కూడా మామూలు కూలే. ఆయన పోయి పదేళ్లు దాటింది, ఇప్పటికీ ఆ దారిన పోతుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

ప్రకాశం జిల్లా పక్కన, వినుకొండ వైపు అగ్నిగుండాల తీసుకోండి. అది స్కార్న్ కాదు, అక్కడ సీసం డోలమైట్‌లో ఉంది. బెంజమిన్ హేన్ అనే ఈస్టిండియా కంపెనీ వారి శాస్త్రవేత్త 1814లో లండన్‌లో వేసిన పుస్తకంలో అక్కడి రాగి తవ్వకాల గురించి రాశాడు. ఆయన పోయేసరికే అక్కడ పాత గుంతలున్నాయి. తవ్విన చేతులు ఎవరివో?

ఒంగోలు జియాలజీ

సార్, మీ నాయనగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒక సందేహం. మీ నాయనగారికి అది మైకా అని తెలుసు. అముంగ్మే వాళ్లకి అందులో రాగి ఉందని తెలుసా? రాగి కోసం చూడని వాళ్లు రాగిని కనిపెట్టారని ఎలా రాయను?

రిగ్గు మనిషి, పొదలకూరు

అదీ ప్రశ్న. పైగా అన్నా, మీ నాయన చెయ్యి పెట్టి చూపించాడు. అది సర్వేయే. ఆయన పేరు ఉండాల్సింది, అందులో నాకు రెండో మాట లేదు.

గూడూరు మైకా

మంచి ప్రశ్న అమ్మా. రాగిని కనిపెట్టారని రాయొద్దు. ఆ కొండ ఎవరికీ తెలియకుండా పడి ఉన్నట్టు మాత్రం రాయకు. గని ఊరికి తెంబగపుర అని పేరు పెట్టారు, రాగిపురం అని అర్థం. ఆ పురం మన పురమే. కొత్త ఊరికి పేరు దొరికింది. పాత కొండని మాత్రం తవ్వి తవ్వి గొయ్యి చేశారు, ఇప్పుడు అక్కడ నీళ్లు నిలిచి ఉన్నాయి. తల్లి తల అనుకున్నవాళ్ల కళ్ల ముందే జరిగింది ఇది. చార్టులో దానికి ఒక వరస చోటు లేదా?

ఒంగోలు జియాలజీ

ఉంది సార్. ఇలా మార్చాను: "అముంగ్మే ప్రజలు పవిత్రంగా చూసుకునే పర్వతంలోని ఎర్ట్స్‌బర్గ్‌ను 1936లో డోజీ రాగి ఖనిజంగా గుర్తించాడు. 1960లో విల్సన్ శాంపిళ్లు తీశాడు. 1967 తర్వాత డ్రిల్లింగ్‌తో నిల్వ ఎంతో తేలింది." కనుగొన్నాడు అనే మాట తీసేశాను.

రిగ్గు మనిషి, పొదలకూరు

నాకైతే ఇప్పటికీ డ్రిల్లింగ్ వాక్యమే ముందుండాలి. కానీ తప్పేమీ లేదు, పెట్టేయ్.

గూడూరు మైకా

అముంగ్మే అన్న మాట డోజీ పేరంత సైజులో రాయమ్మా. ఎగ్జిబిషన్ ఏ రోజో చెప్పు, మా నాయన తీసిన మైకా పలక ఒకటి ఇంట్లో ఉంది, తెస్తాను.