కాలదోషం పట్టిన ప్రోనోటు: బాకీ తీరినట్టేనా?

పల్లెపొద్దు: నాన్న పోయి ఎనిమిది నెలలయింది. మాసికాలు నడుస్తుండగానే ఆయన స్నేహితుడొకాయన ప్రోనోటు పట్టుకుని ఇంటికొచ్చారు. 2019 ఆగస్టు 10న రాసింది. అసలు రెండు లక్షలు, నూటికి రూపాయిన్నర వడ్డీ. రెవెన్యూ స్టాంపు మీద సంతకం నాన్నదే. వెనక 2021 డిసెంబరులో ఇరవై వేలు చెల్లు వేసి ఉంది కానీ, ఆ రాత ఆయనది, కింద నాన్న సంతకం లేదు. "మీ నాన్న మంచాన ఉంటే నేను కోర్టుకెలా వెళ్తాను బాబూ" అన్నారు. అన్నయ్యేమో "మూడేళ్లు దాటింది, పైసా ఇవ్వక్కర్లేదు" అంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. గడువు దాటితే అప్పు పోయినట్టేనా?

కోర్టుమెట్లు: లాయరు దగ్గర పాతికేళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. తెలిసినంత చెబుతాను.

మీ అన్నయ్యగారి లెక్క కొంచెం తప్పు. అడిగినప్పుడు ఇస్తానన్న నోటుకి రాసిన తేదీ నుంచి మూడేళ్లే, నిజమే. కానీ కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఈ నోటు 2022 ఆగస్టులో కాదు, 2024 జూలై చివర్లో దాటిపోయింది. ఎలా చూసినా ఇప్పుడు దావాకి పనికిరాదు.

ఇక ఆ చెల్లు. గడువులోపల కొంత కట్టినప్పుడు, కట్టినాయన తన చేత్తో రాసినా సంతకం పెట్టినా అక్కణ్ణుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ అదే. అప్పిచ్చినాయన తనకు తాను రాసుకున్న చెల్లు నిలబడదు. ఊళ్లలో ఎన్ని నోట్లు ఇలా పోయాయో! డబ్బు చేతికిస్తున్న మనిషిని "ఇక్కడో సంతకం పెట్టు" అనడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటమే కొంప ముంచుతుంది.

అయితే పోయింది దావా వేసే దారి, అప్పు కాదు. బాంబే డయింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కాలదోషం పట్టిన బాకీ కట్టేస్తానని అప్పు తీసుకున్నాయన మళ్లీ రాసి సంతకం పెడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది చెల్లుతుంది కూడా. లేని అప్పుకు అలా ప్రాణం రాదు కదా. భూమి సంగతి వేరు. పన్నెండేళ్లు ఇంకొకరు మీ పొలాన్ని మీకు వ్యతిరేకంగా, బహిరంగంగా అనుభవిస్తే హక్కే పోతుంది.

నాగలి: గుమాస్తాగారూ, చట్టం సరిగ్గానే చెప్పారు. కానీ మూడేళ్ల గడువు ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి. మా ఊళ్లో పురుగుమందుల అప్పుకి ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. తీర్చేశాక నోటు అడిగితే "ఎక్కడో పడింది, వెతికిస్తా" అనేవారు. ఏళ్లు గడిచాక అదే కాగితం అంకెలు నింపుకుని బయటికొచ్చేది. తీర్చినట్టు రసీదు ఏ రైతు దగ్గరుంటుంది? సాక్షులు పోతారు, తీసుకున్నాయనా పోతాడు. చనిపోయిన మనిషి వచ్చి "కట్టేశానయ్యా" అని చెప్పలేడు. ఆ గడువే లేకపోతే మా నాన్న పొలం ఉండేది కాదు. కాలదోషాన్ని ఎగవేతదారు దొంగదారిలా మాట్లాడకండి.

గోదారిగట్టు: అన్నా, మీ బాధ నిజం. మాది అవతలి వైపు. అమ్మ కుట్టుమిషను మీద కూడబెట్టిన డబ్బు బంధువులకే ఇచ్చింది. వాళ్లింట్లో పెళ్లి అని ఒకసారి, పంట పోయిందని ఒకసారి ఆగింది. అయిదో ఏడు అడిగితే "నోటుకి కాలదోషం పట్టిందిగా పిన్నీ" అన్నారు. కోర్టుకి పోయినా లాభం లేదట. అవతలివాళ్లు ఆ మాట ఎత్తకపోయినా గడువు దాటిన దావాని జడ్జిగారే కొట్టేయాలట. మొదటి నెలలోనే నోటీసు పంపిన వడ్డీవ్యాపారికి డబ్బు చేతికొచ్చింది. ఓర్చుకున్న మా అమ్మకు రాలేదు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నాగలి: పిన్నిగారి విషయంలో జరిగింది అన్యాయమే చెల్లీ. అక్కడ అప్పు ఉందని ఇద్దరికీ తెలుసు. నేను చెప్పేది అప్పుందో లేదో తేలని చోట.

పల్లెపొద్దు: తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న పాత ధర్మం చట్టంలో ఇంకా ఉందా?

కోర్టుమెట్లు: హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత చేసిన అప్పులకి లేదండీ. ఆయన వదిలిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. అదీ గడువులోపల అడిగితేనే. ఇప్పుడు మిమ్మల్ని ఏ కోర్టూ కట్టమనదు. కానీ మీరు అడిగింది "అప్పు పోయిందా" అని. సంతకం నాన్నగారిదేనని మీరే అంటున్నారు. నాగలిగారి ఊరి నోటు కాదిది.

పల్లెపొద్దు: నిన్న నాన్న డైరీ దొరికింది. 2021 డిసెంబరు పేజీలో "ఇరవై వేలు ఇచ్చాను, ఇంకా లక్షా ఎనభై" అని ఆయన దస్తూరీలోనే ఉంది. వడ్డీ ఊసు లేదు. అన్నయ్యకు చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వడ్డీ మాత్రం ఇవ్వనన్నాడు, నేను వాదించలేదు. రేపు ఇద్దరం కలిసి ఆయన ఇంటికి వెళ్తున్నాం. డబ్బు ఇచ్చాక నోటు మీద పూర్తి చెల్లు రాయించి, ఆయన సంతకంతో వెనక్కి తీసుకుంటాం. గుమాస్తాగారూ, ఇంకేమైనా రాయించుకోవాలా?

కోర్టుమెట్లు: అది చాలు. తేదీ వేయించడం మరచిపోకండి.