హారియన్ మెట్రో: పాఠకులు గెలిపించారా, మసాలా గెలిపించిందా?

క్లాంగ్‌బాబాయ్:
ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. హారియన్ మెట్రో 1991లో మలేసియాలో మధ్యాహ్నం పేపరుగా మొదలైన మలయ్ టాబ్లాయిడ్, అంటే చిన్న సైజు పేపరు. న్యూ స్ట్రెయిట్స్ టైమ్స్, బెరిటా హారియన్ నడిపే సంస్థదే. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఉతుసాన్ లాంటి పెద్ద పేపర్లను అమ్మకాల్లో దాటేసింది. ఏం పెట్టి దాటింది? యాక్సిడెంట్లు, పోలీసు దాడులు, గాయనిల విడాకులు, దెయ్యాల ముచ్చట్లు. నా దృష్టిలో ఇది పత్రికల దిగజారుడే. కాదంటారా?

తేతారిక్:
కాదంటాను బాబాయ్. పల్లెలు వదిలి కౌలాలంపూర్ చుట్టుపక్కల క్లాంగ్ లోయ ఫ్యాక్టరీలకు వచ్చిన మలయ్ కుర్రాళ్లు పెద్ద పేపర్లలో ఎక్కడ కనిపించారు? మొదటి పేజీ నిండా మంత్రిగారి ప్రారంభోత్సవాలే కదా! మెట్రోలో వాళ్ల వీధి ఉంది, వాళ్ల బైకు యాక్సిడెంట్ ఉంది. మామక్ (తమిళ ముస్లిం) హోటల్లో రోటీ చనాయ్ తింటూ ఒక్కచేత్తో తిప్పేయచ్చు. ఆ సైజు కూడా చిన్న విషయం కాదు.

బగన్‌దాతో అమ్మాయి:
మా నాన్నగారు కొబ్బరి ఎస్టేట్‌లో పుట్టి పెరిగారు. ఇంట్లో తెలుగు, బయట మలయ్. మాట్లాడటం వచ్చు గానీ చదవడం తడబడేవారు. ఉతుసాన్ సంపాదకీయం రెండు లైన్లకే పక్కన పడేసేవారు. మెట్రో చిన్న చిన్న వాక్యాలు, కింద ఫోటో. అలా చదవడం పట్టుబడింది. దీన్ని దిగజారుడని ఎలా అంటామండి?

క్లాంగ్‌బాబాయ్:
మీ నాన్నగారి సంగతి సంతోషమేనమ్మా. కానీ తర్వాత ఏమైందో చూడండి. 2004లో ఉతుసాన్ వాళ్లే కొస్మో అనే టాబ్లాయిడ్ పెట్టారు. అందరూ అదే దారి పట్టారు. ఇక లోతుగా రాసేదెవరు?

పాతకాగితం:
ఇద్దరూ లైసెన్సు సంగతి వదిలేశారు. 1984 ప్రెస్ చట్టం ప్రకారం పేపరు నడపాలంటే పర్మిట్ కావాలి. 2012 దాకా దాన్ని ఏటా రెన్యూ చేయించుకోవాల్సి వచ్చేది. 1987లో స్టార్, సిన్ చ్యూ, వతాన్ అనే మూడు పేపర్ల పర్మిట్లు ఒకేసారి ఆపేశారు. ఆ తర్వాత నాలుగేళ్లకే మెట్రో వచ్చింది. విడాకుల వార్తకు పర్మిట్ పోదు కదా! జనం మసాలా అడిగారు, నిజమే. అంతకంటే ముందు, మసాలా అమ్మితే టెన్షన్ లేదు.

తేతారిక్:
మరి రాజకీయం రాసిన ఉతుసాన్ ఏమైంది అన్నా? 2019 అక్టోబరులో మూతపడింది. మళ్లీ తెరుచుకుంది కానీ వేరేవాళ్ల చేతుల్లో.

పాతకాగితం:
రాజకీయం రాసి కాదు తమ్ముడూ, ఒక్క పార్టీ గొంతే వినిపించి. 1961లో మలయ్ పార్టీ అమ్నో ఆ పేపర్ని చేతుల్లోకి తీసుకుంటుంటే విలేకరులు మూడు నెలలు సమ్మె చేశారు. సమ్మె ఓడిపోయింది. ఆ తర్వాత పార్టీ ఊగితే పేపరూ ఊగింది. 2018లో పార్టీ అధికారం కోల్పోయాక ఇంక నిలబెట్టేవాళ్లెవరు? మెట్రో ఆ గొడవకు దూరంగా ఉండి బతికింది. తెలివే. ధైర్యమని మాత్రం అనకండి.

క్లాంగ్‌బాబాయ్:
లైసెన్సు మాట ఒప్పుకుంటున్నా. తప్పంతా పాఠకుల మీదకే తోశాను. దెయ్యాల ముచ్చట్లు మాత్రం క్షమించను.

బగన్‌దాతో అమ్మాయి:
నాన్నగారికి చెప్పకండి, ముందు చదివేది అవే!