2ఎన్3055 పేరుతో కొన్నవి అసలైనవేనా? సొంత పవర్ సప్లైలో రెండు ట్రాన్సిస్టర్లు పోయాయి

ప్రశ్న (హనుమకొండ నుండి)

సభ్యులందరికీ నమస్కారం. ఎల్‌ఎం723 ఐసీ (వోల్టేజిని నిలకడగా ఉంచేది), డ్రైవర్‌గా టిఐపి31సి, సిరీస్ పాస్‌గా (లోడుకు వెళ్లే కరెంటంతా దీని గుండానే పారుతుంది) ఒకే ఒక 2ఎన్3055 పెట్టి, ఇంట్లో ప్రయోగాల కోసం ఒక పవర్ సప్లై తయారు చేసుకున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ 24 వోల్టులది కాబట్టి, బ్రిడ్జి దాటిన తర్వాత కెపాసిటర్ మీద సుమారు 32 వోల్టులు వస్తున్నాయి. అవుట్‌పుట్‌ను 12 వోల్టుల దగ్గర ఉంచి 1.5 ఆంపియర్ల లోడు ఇచ్చిన పది నిమిషాలకే ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్, ఎమిటర్ కలిసిపోయి, 32 వోల్టులూ నేరుగా అవుట్‌పుట్‌కు వచ్చేశాయి. దానికి కట్టి ఉన్న రేడియో బోర్డు కూడా ఆ దెబ్బకు పోయింది. రెండోది మార్చి పెట్టినా అదే కథ. ఆశ్చర్యం ఏమిటంటే, రెండుసార్లూ హీట్‌సింక్ (ట్రాన్సిస్టర్ వేడిని లాగే లోహపు దిమ్మ) మీద చేయి ఆనించి ఉంచగలిగేంత వేడే ఉంది. ఆరు ట్రాన్సిస్టర్లను ఒకే చోట, మామూలు ధరకంటే బాగా తక్కువకు కొన్నాను. లోపం నా సర్క్యూట్‌లో ఉందా, సరుకులో ఉందా అన్నది ఎలా తేల్చుకోవాలి?

జవాబు (కాజీపేట నుండి)

నకిలీ అని అనే ముందు ఒకసారి లెక్క చూడాలి. కాలిపోయిన ప్రతిదీ నకిలీ కాదు. నా దగ్గరకు మరమ్మతుకు వచ్చేవాటిలో ట్రాన్సిస్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పెట్టే మైకా రేకు సరిగ్గా కూర్చోక పోయినవే ఎక్కువ.

మీ ట్రాన్సిస్టర్ మీద పడుతున్నది 20 వోల్టులు, పారుతున్నది 1.5 ఆంపియర్లు, అంటే 30 వాట్లు. అసలైన 2ఎన్3055 డేటాషీట్ ప్రకారం లోపలి చిప్పుకూ పై లోహపు ఒంటికీ మధ్య ఉష్ణనిరోధం వాట్‌కు 1.52 డిగ్రీలు కాబట్టి, 30 వాట్ల దగ్గర చిప్పు ఒంటికంటే 46 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. హీట్‌సింక్‌ను 60 డిగ్రీలుగానూ, వేడిని దాటించే పేస్ట్ రాసిన మైకా దగ్గర మరో 15 డిగ్రీలు పెరుగుతుందనీ అనుకుంటే ఒంటి వేడి 75, చిప్పు వేడి 121 డిగ్రీలు అవుతుంది. అనుమతించిన గరిష్ఠం 200 డిగ్రీలు. ఇంత వెసులుబాటు ఉండి కూడా పోయిందంటే, మైకాకు రెండు వైపులా పేస్ట్ రాశారా, స్క్రూలు రెండూ సమంగా బిగిశాయా అన్నది మొదట చూడండి. అవి సరిగ్గానే ఉంటే మిగిలేది చిప్పు మీద అనుమానమే.

చచ్చిపోయిన ట్రాన్సిస్టర్ ఉంది కదా, దాన్ని వైస్‌లో బిగించి, పై టోపీ అంచు చుట్టూ సన్న ఆకురాయితో నెమ్మదిగా అరగదీయండి. టోపీ ఊడి వస్తుంది. పాత ఇన్వర్టర్లలో 2ఎన్3055లు వాడేవారు; పాత సామాను దుకాణంలో అలాంటిది ఒకటి దొరికితే దాన్ని కూడా తెరిచి పక్కన పెట్టి చూడండి. పై ఒళ్లు రెండింటికీ ఒకేలా ఉన్నా, నకిలీలో తక్కువ శక్తి గల చిన్న చిప్పును అతికించి ఉంటారు. అయితే ఒక హెచ్చరిక: ట్రాన్స్‌మిటర్లలో వాడే ఆర్‌ఎఫ్ పవర్ ట్రాన్సిస్టర్లను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇలా తెరవకూడదు. వాటిలో కొన్నింటిలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు విషం.

జవాబు (కరీంనగర్ నుండి)

పై సభ్యులు చెప్పిన లెక్కతో ఏకీభవిస్తున్నాను. మిగిలిన నాలుగింటిని కోయకుండానే పరీక్షించవచ్చు. ట్రాన్సిస్టర్‌ను మైకా లేకుండా, పేస్ట్‌తో నేరుగా హీట్‌సింక్‌కు బిగించి, 1 ఆంపియర్ నిలకడగా పారేలా చేసి, కలెక్టర్-ఎమిటర్ మధ్య మొదట 2 వోల్టులు, తర్వాత 20 వోల్టులు ఉంచి, రెండు సందర్భాల్లోనూ బేస్-ఎమిటర్ వోల్టేజిని కొలవండి. హీట్‌సింక్ వేడెక్కక ముందే, కొన్ని సెకన్లలోనే చూసుకోవాలి. చిప్పు ఒక డిగ్రీ వేడెక్కితే ఆ వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. రెండు కొలతల మధ్య తేడా 18 వాట్లు కాబట్టి, అసలైనదైతే ఆ తగ్గుదల 50, 55 మిల్లీవోల్టుల దగ్గర ఆగాలి. వంద దాటితే అనుమానించండి.

అసిటోన్‌లో ముంచిన దూదితో రుద్దే పద్ధతి ప్లాస్టిక్ ఒంటి ఐసీలకే పనికొస్తుంది. దూదికి నల్లరంగు అంటితే పాత అక్షరాలను గీకి, పైన పూత పూసినట్టే. లోహపు ఒంటి మీద సిరా అయితే అసలు సరుకులో కూడా చెరిగిపోవచ్చు.

ట్రాన్సిస్టర్లు అనుమానాస్పదమని తేలితే, అదే చోట కొన్న కెపాసిటర్లను కూడా వదలకండి. పెద్ద డబ్బాలో చిన్న డబ్బా పెట్టి అమ్ముతున్నారు. కంసాలి తక్కెడలో అదే విలువ ఉన్న మంచి కంపెనీ కెపాసిటర్ పక్కన పెట్టి తూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఎల్‌ఎం2596 మాడ్యూళ్ల (వోల్టేజిని తగ్గించే చిన్న బోర్డులు) సంగతీ ఇంతే. అసలైనది 150 కిలోహెర్ట్‌జ్ దగ్గర స్విచ్ అవుతుంది. నేను ఆసిల్లోస్కోప్‌తో చూసిన ఒక మాడ్యూల్‌లో అది 50కి అటూ ఇటూ ఉంది, బోర్డు మీది కాయిల్ మాత్రం 150కి లెక్కవేసినదే కావడంతో రిపుల్ (అవుట్‌పుట్ వోల్టేజిలో హెచ్చుతగ్గులు) విపరీతంగా వచ్చింది.

ప్రశ్నించిన వారి మలి రాత (హనుమకొండ నుండి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మైకా, పేస్ట్, స్క్రూలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొదట పోయిన దానిని ఆదివారం తెరిచాను. లోపలి చిప్పు ఒక పక్క 2 మిల్లీమీటర్లకు మించలేదు, రాగి పలక మీద నువ్వు గింజ అతికించినట్టు ఉంది. పాత ఇన్వర్టర్ నుండి తీసినదానిలో దాదాపు 4 మిల్లీమీటర్లు ఉంది.

మిగిలిన నాలుగింటిని కరీంనగర్ సభ్యులు చెప్పినట్టు కొలిచాను. నాలుగింటిలోనూ తేడా 160 మిల్లీవోల్టుల దగ్గరే వచ్చింది. అంటే 80 డిగ్రీలు, 18 వాట్లకు. వాట్‌కు 4.4 డిగ్రీలు. నా 30 వాట్లకు లెక్క కడితే 133, దానికి కాజీపేట సభ్యులు వేసిన ఒంటి వేడి 75 కలిపితే 208 డిగ్రీలు. పది నిమిషాలు ఆగడమే గొప్ప.

ఆన్‌సెమీ వారి 2ఎన్3055జి రెండింటిని అధీకృత పంపిణీదారు వద్ద ఆర్డరు చేశాను, ఎమిటర్లకు 0.22 ఓముల నిరోధకాలు పెట్టి, కరెంటును రెండూ సమంగా పంచుకునేలా సమాంతరంగా కలుపుతాను. పాత నాలుగూ పొరపాటున మళ్లీ డబ్బాలో కలవకుండా, వాటి టోపీల మీద పసుపు పెయింట్ పూసి పక్కన పెట్టాను.