క్రాష్ బాక్సులో అల్యూమినియం ఫోమ్ నింపాలా, ట్యూబు గోడ మందం పెంచాలా?

అచ్చుపెట్టె:
కారు బంపర్ వెనక ఉండి, గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బ శక్తిని మింగే క్రాష్ బాక్సు గురించి ప్రశ్న. చదరపు ట్యూబు, బయటి కొలత 80 మి.మీ., గోడ 2 మి.మీ., 6060-టీ6 (వేడిచేసి గట్టిపరచిన అల్యూమినియం మిశ్రమం) ఎక్స్‌ట్రూజన్, అంటే డైలోంచి నెట్టి తీసినది. లోపల మూసిన గదుల అల్యూమినియం ఫోమ్ దూర్చితే ఎక్కువ శక్తి మింగుతుందని ఒక వాదన. గోడ మందం పెంచుకుంటే సరిపోయేదానికి ఈ గొడవంతా ఎందుకని ఇంకో వాదన. ఫోమ్ సాంద్రత ఘన సెం.మీ.కు 0.25 గ్రాములు, నలిగే ఒత్తిడి (ప్లాటో స్ట్రెస్) 1.5 మెగాపాస్కల్ అనుకోండి. లెక్కతో చెప్పేవాళ్లుంటే చెప్పండి.

మందంగోడ:
లెక్కతోనే చెబుతాను. ఫ్లో స్ట్రెస్ (లోహం శాశ్వతంగా వంగుతూ పోయే ఒత్తిడి) 180 మెగాపాస్కల్ తీసుకుందాం. ఖాళీ ట్యూబు సగటు నలుగుబాటు బలానికి అందరూ వాడే సూత్రం: 13.06 × ఫ్లో స్ట్రెస్ × (వెడల్పు ఘనమూలం) × (మందం 5/3 ఘాతం). మీ ట్యూబుకు సుమారు 32 కిలోన్యూటన్లు వస్తుంది.

ఇప్పుడు ఫోమ్ కలుపుదాం. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో పరిశోధకులు హాన్సెన్, లాంగ్‌సెత్, హాపర్‌స్టాడ్ 2000 ప్రాంతంలో ఇచ్చిన సూత్రంలో అదనంగా రెండు భాగాలున్నాయి. ఫోమ్ తనంతట తాను మోసేది 8.7 కి.న్యూ. ఫోమూ గోడా ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల వచ్చేది 14.1 కి.న్యూ. (గుణకం 5.5). మొత్తం 54.7. వినడానికి బాగుంది, 70 శాతం లాభం.

తూకం వేయండి మరి. మీటరుకు ఖాళీ ట్యూబు 1.69 కిలోలు, ఫోమ్ 1.44, కలిపి 3.13. అదే 54.7 కి.న్యూ. ఫోమ్ లేకుండా కావాలంటే గోడ 2.76 మి.మీ. చేస్తే చాలు, బరువు 2.30 కిలోలు. మీటరుకు 0.8 కిలోకు పైగా మిగులు.

ఇంకోవైపు నుంచి చూడండి. ఫోమ్ ట్యూబు తూగే ఆ 3.13 కిలోలూ గోడకే పెడితే మందం 3.8 మి.మీ., బలం 92 కి.న్యూ. దాన్ని అందుకోవాలంటే 0.25 సాంద్రతలోనే ఫోమ్ ప్లాటో 5.7 మెగాపాస్కల్ ఉండాలి. ఉన్నది 1.5.

పైగా ఖాళీ ట్యూబు తన పొడవులో 70–75 శాతం వరకు నలుగుతుంది, నింపినది అంతకంటే ముందే బిగుసుకుపోతుంది. ఆ నష్టాన్ని నేను పై లెక్కలో వేయనే లేదు.

బుడగ:
మందంగోడ గారూ, అంకెలు సరే, సగటు బలం ఒక్కటే చూశారు. మొదటి దెబ్బకు వచ్చే శిఖర బలం సంగతేంటి? 2 మి.మీ. గోడ కోత వైశాల్యం 624 చ.మి.మీ., అంటే శిఖరం సుమారు 112 కి.న్యూ. ఫోమ్ కలిపినా 121. మీ 2.76 మి.మీ. గోడకు అది 153. సగటు రెండింటికీ ఒకటే, కానీ వెనకున్న సైడ్ మెంబర్ (కారు చట్రంలోని పొడవాటి దూలం) వంగకుండా నిలబడాల్సింది శిఖరానికి. అక్కడ రేకు మందం పెరిగితే మీ 0.8 కిలో ఎటు పోయింది?

రెండోది, నిటారుగా గుద్దుకోవడం పరీక్షల్లోనే ఎక్కువ. ఏటవాలుగా తగిలితే ట్యూబు మడతలు పడటం మానేసి ఒకచోట వంగి కూలబడుతుంది. ఫోమ్ ఆ లోపలి ముడుతను ఆపుతుంది. నా వాదనకు అసలు బలం ఇక్కడే.

మందంగోడ:
శిఖరానికి మందు ఉంది: ట్యూబు ముందు అంచున ఒక బీడ్ (చిన్న గాడి) నొక్కండి, లేదా మూలల్లో చిన్న కోతలు పెట్టండి. శిఖరం దిగుతుంది, అదనపు బరువు సున్నా.

ఇక మీరు పోల్చాల్సింది నా మందపాటి గోడతో కూడా కాదు. ఎక్స్‌ట్రూజన్ డైలోనే లోపల ప్లస్ గుర్తులా రెండు అడ్డగోడలు పెట్టి నాలుగు గదుల సెక్షన్ లాగితే మూలలు పెరుగుతాయి, శక్తి మింగేది మూలలే. ఒకే ఆపరేషన్, జిగురు లేదు, లోపల దూర్చే పని లేదు.

ఇంకో మాట. 5.5 గుణకం ఫోమ్ మీద దయగల సూత్రం. సాంటోసా, వియెర్జ్‌బిక్కీ అనే పరిశోధకుల లెక్కలో ఫోమ్ వల్ల పెరుగుదల 1.8 × వెడల్పు వర్గం × ప్లాటో మాత్రమే. ఈ ట్యూబుకు 16.4 కి.న్యూ., మొత్తం 48. దానికి 2.57 మి.మీ. గోడ చాలు.

కొలిమి:
ఇద్దరూ 1.5 మెగాపాస్కల్ అని శిలాశాసనంలా వాడుతున్నారు. ఆ అంకె దిమ్మె మొత్తానికి సగటు. ఫోమ్ ఎలా తయారవుతుందో చూస్తే ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

కరిగించి చేసే పద్ధతి (జపాన్‌లో షింకో వైర్ ఆల్పొరాస్ పేరుతో చేసింది): అల్యూమినియంను 680 డిగ్రీల దగ్గర ఉంచి 1.5 శాతం కాల్షియం వేసి గాలి తగిలేలా కొన్ని నిమిషాలు కలుపుతారు. కాల్షియం ఆక్సైడ్, కాల్షియం అల్యూమినేట్ ఏర్పడి ద్రవం చిక్కబడుతుంది, స్నిగ్ధత దాదాపు 5 రెట్ల వరకు పెరుగుతుంది. అప్పుడు 1.6 శాతం టైటానియం హైడ్రైడ్ పొడి వేసి వేగంగా కలిపితే హైడ్రోజన్ వదులుతూ సుమారు 15 నిమిషాల్లో అచ్చు నిండా పొంగుతుంది. వెంటనే ఫ్యాన్లతో చల్లార్చాలి.

చెడిపోయే చోట్లు ఇవి. కాల్షియం కలపడం తక్కువైతే ద్రవం పలచగా ఉండి బుడగల మధ్య నుంచి కిందికి జారుతుంది. అడుగున గట్టి పొర, పైన పెద్ద డొల్లలు. హైడ్రైడ్ పొడి తేమ పట్టి ఉండకట్టితే అక్కడే గుహ. దిమ్మెలు పెద్దవి, 450 × 650 × 2050 మి.మీ. దాకా, ఫోమేమో వేడిని సరిగా పంపదు. కాబట్టి నడిమి భాగం ఆలస్యంగా గడ్డకడుతుంది, ఆ లోపు బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ఒకే దిమ్మెలో ఒక ముక్క 0.22, ఇంకోటి 0.28 వచ్చాయనుకోండి. ప్లాటో స్ట్రెస్ సాంద్రత 1.5 ఘాతంతో మారుతుందనుకుంటే రెంటి మధ్య తేడా 44 శాతం. ఇద్దరి లెక్కల్లోని దశాంశాలూ అందులో కొట్టుకుపోతాయి.

అచ్చుపెట్టె:
అయితే కోసి దూర్చడం ఎందుకు, ట్యూబులోనే పొంగించకూడదా? పొడి పద్ధతిలో సరిగ్గా అచ్చు ఆకారమే వస్తుందంటారు కదా.

కొలిమి:
పొడి పద్ధతి (జర్మనీలోని బ్రెమెన్ ఫ్రౌన్‌హోఫర్ ఐఎఫ్ఏఎం పరిశోధన సంస్థ 1990లో పేటెంట్ చేసిన దారి) మంచిదే. 7 శాతం సిలికాన్ ఉన్న అల్యూమినియం పొడిలో అర శాతం అటూ ఇటూగా టైటానియం హైడ్రైడ్ కలిపి, వేడిగా ఎక్స్‌ట్రూడ్ చేసి దాదాపు రంధ్రాల్లేని కడ్డీ చేస్తారు. రంధ్రాలు మిగిలితే హైడ్రోజన్ వాటిలోంచి తప్పించుకుంటుంది, పొంగు రాదు. తర్వాత ఆ కడ్డీని అచ్చులో పెట్టి వేడి చేస్తారు.

ఒక చిక్కుంది. హైడ్రైడ్ 400 డిగ్రీల దగ్గరే వాయువు వదలడం మొదలుపెడుతుంది, ఆ మిశ్రమం కరగడం 577 దగ్గర గానీ మొదలవదు. ఆ మధ్యలో ఘనంగా ఉన్న లోహాన్నే వాయువు చీల్చి, పగుళ్లు తెస్తుంది. అందుకే హైడ్రైడ్‌ను ముందుగా గాలిలో 480 డిగ్రీల దగ్గర సుమారు 3 గంటలు కాల్చి, రేణువుల మీద ఆక్సైడ్ తొడుగు పెంచి, వాయువును ఆలస్యం చేస్తారు.

మీ ట్యూబులోనే పొంగించడం మాత్రం కుదరదు. పూర్తిగా పొంగాలంటే 600 దాటాలి, 6060 కూడా దాదాపు అక్కడే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. కరగకపోయినా టీ6 బలం గాల్లో కలిసినట్టే. స్టీలు ట్యూబైతే ఆలోచించవచ్చు.

బూడిదచెరువు:
సెనోస్ఫియర్లు వాడితే? రామగుండం లాంటి థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల మీద తేలే బోలు గుళ్లు. భోపాల్ సీఎస్ఐఆర్-ఆంప్రి పరిశోధనశాలలో అల్యూమినియంలో వీటిని కలిపి సింటాక్టిక్ ఫోమ్ చేశారు. పొంగించే గొడవే లేదు, గదుల పరిమాణం గుళ్లే నిర్ణయిస్తాయి.

మందంగోడ:
ఏకరూపత వస్తుంది, నిజమే. కానీ గుళ్లు సగం ఘనపరిమాణం తీసుకున్నా మిగతా సగం గట్టి అల్యూమినియమే. సాంద్రత 0.25 ఎక్కడ, 1.5 పైమాట ఎక్కడ! దాని ప్లాటో కూడా పదుల మెగాపాస్కల్స్‌లో ఉంటుంది, పలచటి ట్యూబును లోపలి నుంచి చీల్చేస్తుంది. కవచం ప్లేట్లకు పనికొస్తుందేమో గానీ ఇక్కడ వద్దు.

బుడగ:
సరే, నిటారు నలుగుబాటులో తూకం మీదే, ఒప్పుకుంటాను. వంపు సంగతి తేలలేదుగా. మూడు బిందువుల వంపులో ఖాళీ ట్యూబు పై రేకు లోపలికి కూలగానే ప్రతిఘటన పడిపోతుంది. ఫోమ్ అక్కడ రేకుకు దన్నుగా ఉండి, మడతను పక్కలకు పాకిస్తుంది. దీనికి ట్యూబు మొత్తం నింపక్కర్లేదు, వంగే చోట 150 మి.మీ. చాలు. 76 మి.మీ. చదరపు ముక్క 150 పొడవుకు 217 గ్రాములే. అక్కడొక్కచోట బలం కోసం ఎక్స్‌ట్రూజన్ గోడను మందం చేయలేరు, చేస్తే మొత్తం పొడవునా మందమవుతుంది. ఆడీ క్యూ7లో సామాను వల దగ్గర వాడిన ఫోమ్ ముక్క కూడా ఇలా చిన్నదే, ఒక్క పనికే.

మందంగోడ:
217 గ్రాములైతే నాకు అభ్యంతరం లేదు, ఆ ముక్క జారకుండా ఉంటే. జిగురు వేస్తారా? వేస్తే గోడ స్వేచ్ఛగా ముడుచుకోలేక 6060-టీ6 మూలల దగ్గర చిరుగుతుంది. ఇంకోటి, కోసిన ముఖాల్లో గదులు తెరుచుకుని ఉంటాయి. పెయింట్ షాపులో ఈ-కోట్ (విద్యుత్తుతో వేసే తొలి పూత) తొట్టిలో ముంచినప్పుడు ద్రవం వాటిలో నిలిచి, ఓవెన్‌లో కారి మరకలు పెడుతుంది.

కొలిమి:
జిగురు వద్దు. ముక్కకు రెండు వైపులా ట్యూబు గోడ మీద చిన్న గుంటలు నొక్కితే జారదు. ఈ-కోట్ అయ్యాకే దూర్చాలి.

కొనే ముందు డ్రాయింగ్‌లో రాయాల్సినవి చెబుతాను, లేకపోతే సరఫరాదారు దిమ్మె సగటు చూపించి చేతులు దులుపుకుంటాడు. పరీక్ష ఐఎస్ఓ 13314 (రంధ్రాల లోహాలను నలిపి చూసే ప్రమాణం) ప్రకారం: నమూనా ప్రతి కొలతా సగటు గది పరిమాణానికి కనీసం 10 రెట్లు. 4–5 మి.మీ. గదులకు 50 మి.మీ. ఘనం సరిపోతుంది. ప్లాటో అంటే 20 నుంచి 30 శాతం నలుగుబాటు మధ్య సగటు ఒత్తిడి. నమూనాలు దిమ్మె అడుగు, నడుము, పైభాగం మూడు చోట్ల నుంచీ కోయాలి.

ప్రతి ముక్కనూ తూకం వేయాలి: 195 గ్రాముల కంటే తక్కువైనా, 238 దాటినా వెనక్కి. సాంద్రతలో ఆ 10 శాతం తేడానే ఒత్తిడిలో 15 శాతం అవుతుంది. తూకం సరిపోయినా లోపల ఒక వైపు గట్టి, ఒక వైపు డొల్ల ఉండొచ్చు. అందుకే ముక్కను దిమ్మెలోంచి ఏ దిశలో కోశారో ముఖం మీద గుర్తు వేయించండి. గట్టి వైపు వంపులో లోపలికి కూలే రేకును ఆనుకునేలా దూర్చండి.